వియ్యంకుల ఫైలు

ఫిబ్రవరి 4

సబ్బులాయన జవాబు వచ్చింది. సరిగ్గా ఐదు నెలల పదకొండు రోజులకు. నేను తొమ్మిది పేజీల బహిరంగ లేఖ రాస్తే ఆయన మూడు వాక్యాలు రాశాడు. "మీ అభిప్రాయాలను శ్రద్ధగా గమనించాము." గమనించారట. దొంగ కూడా ఇంటివాణ్ణి శ్రద్ధగానే గమనిస్తాడు.

సంతకం మాత్రం చేత్తో పెట్టిందే. వేలు తడిచేసి చివరి అక్షరం తోక మీద ఒక్కసారి ఆనించాను. సిరా కదిలింది. అచ్చు సంతకమైతే కదలదు.

కవరు తెచ్చి బల్ల మీద వేసింది మా ఆవిడే. "మీ వియ్యంకులవారు ఉత్తరం రాశారు. సంబంధం ఖాయమైనట్టేనా?"

మాకు పిల్లలు లేరు. అయినా దేశంలో పేరున్న ఫ్యాక్టరీ యజమానులందరూ నాకు వియ్యంకులే, ఆవిడ లెక్కలో. ఓడలాయన పెద్ద వియ్యంకుడు. టైర్లాయన పెట్టుపోతల దగ్గర పేచీ పెట్టే వియ్యంకుడు.

ఒక మాట స్పష్టంగా రాసుకోవాలి. ఇది సేకరణ కాదు, సాక్ష్యం. ప్రశ్న అడిగితే పెట్టుబడిదారుడు ఎలా జారుకుంటాడో రేపటివాళ్లకు చూపించే పత్రాలు. మొత్తం నలభై ఒకటి. ఒక్కోటి ఒక్కో ప్లాస్టిక్ కవరులో, తారీఖు వారీగా, చెమ్మ తగలకుండా బీరువా పై అరలో ఉన్నాయి. వాటికోసం ఆవిడ మంచి బట్టలు కింది అరలోకి దిగాయి. చరిత్రకు ఆ మాత్రం చోటివ్వాలి.

ఫిబ్రవరి 9

లైబ్రరీలో అభిరుచుల ప్రదర్శన పెడుతున్నారట. అగ్గిపెట్టె లేబుళ్లు, సీసా మూతలు, పాత తాళంచెవులు. బుర్రకు పనిలేని మధ్యతరగతి. నేను పోను.

ఫిబ్రవరి 10

దరఖాస్తు ఇచ్చాను. లైబ్రరీ గోడ ప్రజల సొమ్ముతో కట్టింది. దాన్ని అగ్గిపెట్టెలకు వదిలేయడం బాధ్యతారాహిత్యం. నా విభాగం పేరు "శత్రువు చేతివ్రాత". మార్చి ఇరవైన మొదలు.

ఆ పేరు విని మా ఆవిడ, "శత్రువుకి ఇస్త్రీ చేసిన కవరు కూడానా" అంది.

ఫిబ్రవరి 16

పటం కట్టించిన ఉత్తరాన్ని ప్రదర్శనకు ఇవ్వాలా వద్దా అని ప్రెస్సులో కూడా ఆలోచనే. ఒక ప్రూఫులో రెండు తప్పులు వదిలేశాను. నా పదిహేడేళ్ల ప్రూఫు రీడింగులో ఇలా ఎన్నడూ జరగలేదు.

సిమెంటాయన ఉత్తరాలు నా దగ్గర పందొమ్మిది ఉన్నాయి, పద్దెనిమిదేళ్లవి. ఆయన ఫ్యాక్టరీ పొగగొట్టం కిందే మా అమ్మ చివరి రోజులు గడిచాయి. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, ఊచల మీద పడ్డ బూడిద దుమ్మును పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తుడిచేది. పోయేదాకా తుడిచింది. పద్నాలుగేళ్ల కిందట ఆ సంగతంతా రాసి ఆయన ముఖాన కొట్టాను. జవాబు మామూలుగానే వచ్చింది, మీ అభిప్రాయాలను శ్రద్ధగా వగైరా. కాని సంతకానికి పైన ఇంకో వాక్యం ఉంది. "మీ అమ్మగారి కుర్చీని కిటికీ దగ్గర్నుంచి అప్పుడే తీసేయకండి."

ఆ ఒక్క వాక్యం మీద పదహారు పేజీల వ్యాసం రాశాను, "యజమానిలో మిగిలిన మనిషి" అని. మావాళ్లే నన్ను దులిపేశారు. ముసలితనం రాకముందే మెత్తబడ్డావన్నారు. నేను ఒక్కడినే నిలబడి అందరితో వాదించాను. శత్రువును కూడా సరిగ్గా చదవాలని వాదించాను.

కుర్చీ తీయలేదు. ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ ఉత్తరాన్ని పటం కట్టించాను. హాల్లో కాదు, పడగ్గదిలో, తలుపు వెనక. తలుపు తీసి ఉంటే కనపడదు.

ఇస్తాను. అది లేకపోతే ప్రదర్శనే లేదు.

ఫిబ్రవరి 25

తలుపు తీస్తే ఒకావిడ. యాభై దాటి ఉంటాయి. వేళ్ల కొసలు చదునుగా ఉన్నాయి. ఇంటి నంబరు వైపు చూడనైనా చూడకుండా, "మీరే కదా సార్" అంది.

"మీరెవరమ్మా?"

"సిమెంటు కంపెనీ హెడ్డాఫీసులో టైపిస్టుని సార్. ఇన్నేళ్లూ మీకు జవాబులు కొట్టింది నేనే. మా ఇంటి అడ్రసు కంటే మీ అడ్రసే ఎక్కువసార్లు కొట్టాను."

మా ఆవిడ లోపల్నుంచి గబగబా వచ్చి కుర్చీ వేసింది. వియ్యంకుల తరఫు మనిషిని చూడటం ఆవిడకు ఇదే మొదటిసారి కదా.

విషయం ఇది. ఇరవై ఏళ్లు పనిచేసిన మనిషిని పోయిన నెలలో ఇక రావద్దన్నారు. ఎందుకని అడిగితే, నువ్వు మా మనిషివే కాదు, మూడేళ్ల కిందట ఏజెన్సీ పంపిన తాత్కాలికపు మనిషివి అన్నారు. చేర్చుకున్నప్పుడు కాగితం ఇవ్వలేదు, జీతం చేతికే ఇచ్చేవారు. హాజరు పట్టీలు పాత బిల్డింగు ఖాళీ చేసినప్పుడు పోయాయట. ఆవిడ లేబర్ కోర్టుకు వెళ్లింది. ఇరవై ఏళ్లుగా అక్కడే ఉన్నానని చూపించే కాగితం ముక్క ఒక్కటీ లేదు.

"మీ దగ్గర ఉన్నాయి సార్" అంది.

"నా దగ్గరా?"

"ఆఫీసు ఉత్తరానికి అడుగున, ఎడమ మూల, చిన్న అక్షరాలు ఉంటాయి. ముందు సంతకం పెట్టేవారి పేరులో రెండు, గీత, తర్వాత కొట్టినవారి పేరులో రెండు. అది మా ఆఫీసు పద్ధతి. మీకొచ్చిన ప్రతి ఉత్తరం మీదా నా అక్షరాలు ఉంటాయి."

నేను లేవకముందే మా ఆవిడ ఫైలు తెచ్చేసింది. ఆవిడ ఉద్యోగం కళ్ల ఆస్పత్రిలో, కళ్లజోడు నంబర్లు చూడటం. ఒక ఉత్తరం తీసి నా ముఖానికి ఎదురుగా చేయి చాచి పట్టుకుని, ఆస్పత్రి గొంతుతో, "కింది వరుస చదవండి" అంది.

ఉంది. నాలుగక్షరాలు, మధ్యలో గీత. ప్రూఫులు దిద్ది బతికేవాడిని, కామా తోక ఎటు వంగిందో చెప్పేవాడిని. ఇన్నేళ్లూ కుడిపక్క సంతకాన్నే చూశాను.

"జన్మంతా ఎడమవైపే నిలబడ్డానంటారు" అంది మా ఆవిడ. "ఎడమ మూల ఏముందో చూసుకోలేదా?"

టైపిస్టు నవ్వు ఆపుకుంది. "సార్ పట్టించుకోకపోయినా దాచారు కదక్కా, అదే పదివేలు. ప్రతి లేఖలోనూ 'మీ ఫలానా తారీఖు ఉత్తరం, రెండో వాక్యం' అని రాసేవారు. అందుకే అనుకున్నాను, మా ఉత్తరాలు దాచుకునే మనిషి ఈ లోకంలో ఈయన ఒక్కరే అయి ఉంటారని. మా ఆఫీసులో మిమ్మల్ని రిజిస్టర్డ్ పోస్టాయన అంటారు సార్."

"నా లేఖలు మీరు చదివేవారా?"

"తొమ్మిదేసి పేజీలూ. ఆరో పేజీ దగ్గర్నుంచి కొంచెం పట్టు తప్పుతుంది సార్."

ఇది చర్చించాల్సిన అభిప్రాయం. చర్చించలేదు. ఆయన చదివి ఏమనేవాడని అడిగాను.

"ఆయన దాకా పోయేవి కావు సార్. జవాబులన్నీ ఒక దొంతరగా పెట్టి ఇచ్చేదాన్ని. ఆయన ఫోను మాట్లాడుకుంటూ సంతకాలు పెట్టుకుంటూ పోయేవారు."

నాకు ఒళ్లు మండింది. పడగ్గదిలోకి వెళ్లి పటం తీసుకొచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాను. "మరి దీని సంగతేమిటి? ఇది చదవకుండా రాసిందేనా? నేను ఆయన్ను సమర్థించేవాడిని కాను, కాని నిజం నిజమే. ఇది మనిషి రాసిన మాట."

టైపిస్టు పటం వంక చూసింది. అద్దం మీద దుమ్ము లేకపోయినా అరచేత్తో తుడిచింది.

"అది నేను కలిపాను సార్. అప్పటికి మా అమ్మ పోయి నెల. తొందరపడి కుర్చీ ఎవరికో ఇచ్చేశాను."

ఫిబ్రవరి 26

పటం మళ్లీ మేకుకు తగిలించాను. వంకరగా ఉంది. సరిచేయలేదు.

మార్చి 2

టైపిస్టు లాయరుతో ఫోనులో మాట్లాడాను. మర్యాదస్తుడే, కాని చట్టం మనిషి. కాపీలు పనికిరావట, అసలు ఉత్తరాలే కావాలి. వాయిదా పద్దెనిమిదిన. కోర్టు వాటిమీద ఊదారంగు ముద్ర వేసి, నంబరు రాసి, మూలకు బెజ్జం చేసి దారం కడుతుంది. మళ్లీ నా చేతికి ఎప్పుడొస్తాయంటే, కంపెనీ పై కోర్టుకు వెళితే చెప్పలేమన్నాడు.

బెజ్జం.

ప్రదర్శన ఇరవైన.

మార్చి 4

మధ్యేమార్గం కనిపెట్టాను. నేను కనిపెట్టిన మొదటి మధ్యేమార్గం ఇదే కావచ్చు. మంచి రంగు కాపీలు తీయించాను, ఖరీదైన కాగితం మీద. అసలుకీ నకలుకీ తేడా తెలియదు. టైపిస్టును పిలిచి ఇచ్చాను. రాజ్యయంత్రం నకలును ఎందుకు నమ్మదో, అసలు "అసలు" అనే భావనే ఆస్తి సంబంధాల్లోంచి ఎలా పుట్టిందో వివరించాను.

అంతా విని, "పర్లేదు సార్, మీరు నిదానంగా ఆలోచించుకోండి" అంది. కాపీలు జాగ్రత్తగా సంచిలో పెట్టుకుంది. వెళ్లేముందు కిటికీ దగ్గరి కుర్చీ వైపు ఒకసారి చూసింది. కూర్చోమంటే కూర్చోలేదు.

మార్చి 7

టైర్లాయన జవాబు వచ్చింది. మా ఆవిడ కవరు బల్ల మీద పెట్టి, "ఉత్తరం" అంది. అంతే.

మార్చి 8

వియ్యంకుల మాట లేదు.

మార్చి 9

ఇవాళా లేదు. చివరికి నేనే కదిపాను. "పెద్ద వియ్యంకుడు ఈ నెల ఏమీ రాయలేదేమో?"

"ఎవరు?" అంది, పళ్లెం కడుగుతూ.

ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆవిడ నాతో పోట్లాడిన రోజులు చాలా ఉన్నాయి. వెక్కిరించని వారం మాత్రం ఇదే.

మార్చి 11

న్యాయంగా ఆలోచిద్దాం. ఒకటి, నేను ఆ ఉత్తరాలు ఇవ్వనని అనలేదు. ప్రదర్శన అయ్యాక ఇస్తానంటున్నాను, వాయిదా రెండు వారాలు జరిపించుకోవచ్చు. లాయర్లకు వాయిదా కొత్తా? ఇక రెండోది, ప్రదర్శన నా సొంతానికి కాదు, ప్రజల చైతన్యం కోసం. ఒక్క మనిషి ఉద్యోగం ముఖ్యమా, మొత్తం

ఈ వాక్యం పూర్తిచేయలేకపోయాను. ఇలాంటి వాక్యాలు రాసిన ఇద్దరు యూనియన్ నాయకులను పోయిన ఏడాది పేరుపేరునా చీల్చి చెండాడింది నేనే.

మార్చి 12

ప్రదర్శనలో ఉత్తరాల కింద పెట్టే చీటీల ప్రూఫు ప్రెస్సులో నా బల్ల మీదికే వచ్చింది. పటం కింద పెట్టడానికి నేను రాసిచ్చిన చీటీ: "పారిశ్రామికవేత్త స్వయంగా రాసిన సానుభూతి వాక్యం." ఎర్ర కలం పట్టుకుని కూర్చున్నాను. "స్వయంగా" కొట్టేశాను. "పారిశ్రామికవేత్త" కొట్టేశాను. ఇక మిగిలినదాని కింద ఎవరి పేరు రాయాలో నాకు తెలుసు. ఆవిడను పదిహేను రోజులుగా తిప్పుతున్నానని కూడా తెలుసు.

ఈ గోడలు ఎవరు కట్టారు, ఈ రోడ్లు ఎవరు వేశారు, పేరు మాత్రం ఎవరిది పెట్టారు అని పద్దెనిమిదేళ్లుగా గొంతు చించుకుంటున్నాను. నా ఫైల్లో ఉత్తరాలు ఎవరు రాశారని ఒక్కసారి అడగలేదు.

ఇంటికొచ్చి పటం దించి, వెనక అట్ట ఊడదీశాను. చుట్టూ వేసిన అట్ట అంచు కింద పద్నాలుగేళ్లుగా దాక్కుని, ఎడమ మూల, నాలుగక్షరాలు. చేతికి మేకు గీసుకుంది.

మా ఆవిడ దూది తెచ్చింది. వేలికి చుడుతూ, "తడి వేలు అదేనా?" అంది.

హమ్మయ్య.

మార్చి 18

కోర్టు. గది నిండా ఫ్యాను చప్పుడే. టైపిస్టు ముందు బల్ల మీద చేతులు రెండూ పరిచి కూర్చుంది, టైపు మిషను ముందు కూర్చున్నట్టు. మా ఆవిడ సెలవు పెట్టి వచ్చి ఆమె వెనక కూర్చుంది. నేను సాక్షిని. జేబులో నాలుగు పేజీల వాంగ్మూలం ఉంది, ఎందుకైనా మంచిదని రాసుకున్నాను.

పందొమ్మిది ఉత్తరాలూ బల్ల మీదికి చేరాయి. కంపెనీ లాయరు కుర్రవాడు, తెలివైనవాడు. లేచి నా వ్యాసాలు చదవడం మొదలుపెట్టాడు. నా రాతలు అంత బాగా గట్టిగా చదివినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

"మా కంపెనీని 'ఊపిరి తినే బూడిద దెయ్యం' అన్నది మీరేనా?"

"నేనే."

"మా ఛైర్మన్‌గారిని 'నోరున్న పొగగొట్టం' అన్నది?"

"నేనే. అది రెండో ముద్రణలో తీసేశాం. పొగగొట్టానికి అవమానమని."

గుమాస్తా దగ్గాడు. లాయరు జడ్జిగారి వైపు తిరిగాడు. "అయ్యా, ఈయన మా కంపెనీకి పద్దెనిమిదేళ్లుగా బద్ధశత్రువు. మా మీద వాడుకోవడానికే సాక్ష్యం పోగేస్తున్నానని తానే అచ్చువేసుకున్నారు. చేతిలో ప్రెస్సు ఉంది. ఇలాంటి మనిషి తెచ్చిన కాగితాలను, వాటిమీది సంతకాలను, ఆ చిన్న అక్షరాలను ఎలా నమ్మడం? ఇవన్నీ నిన్న అచ్చయినవి కావని ఏమిటి నమ్మకం?"

టైపిస్టు లాయరు నా వైపు చూశాడు. నాకూ అర్థమైంది. ఇన్నేళ్లూ ఏ మాట పట్టుకుని వేలాడానో ఆ మాటే ఆవిడ మెడకు ఉరితాడు అవుతోంది. సాక్ష్యం అన్నానా, ఈ పందొమ్మిదీ చిత్తుకాగితాలే.

జడ్జిగారు కళ్లజోడు సవరించుకున్నారు. "చెప్పండి. ఇవి మీరెందుకు దాచారు?"

జేబులో నాలుగు పేజీలు తగిలాయి. తీయలేదు.

"ఇష్టం కొద్దీ" అన్నాను.

"అంటే?"

"సేకరణ అండి. పెద్దవాళ్ల సంతకాలున్న ఉత్తరాలు పోగుచేయడం నాకు ఇష్టం. తిట్టి రాస్తే తప్పకుండా జవాబిస్తారని కనిపెట్టాను. వీటిని మారుస్తానా? వేలిముద్ర పడుతుందని గుడ్డతో పట్టుకుంటాను. ఒక్కో కవరు ఇస్త్రీ చేస్తాను. ఒకటి పటం కట్టించాను."

"ఎక్కడ పెట్టారు?"

"పడగ్గదిలో. తలుపు వెనక."

వెనక ఎవరో నవ్వారు. వెనక నాకు తెలిసినవాళ్లు ఒక్కరే ఉన్నారు.

"సంతకాలు అచ్చువి కావని మీకెలా తెలుసు?" అన్నాడు కంపెనీ లాయరు, వదలకుండా.

"వచ్చిన రోజే వేలు తడిచేసి చివరి అక్షరం తోక మీద ఆనించి చూస్తాను. చేత్తో పెట్టింది కాకపోతే దాచను. చూడండి, ప్రతి దానికీ తోక దగ్గర చిన్న మరక ఉంటుంది. అది నేను పాడుచేసిందే."

జడ్జిగారు ఒక ఉత్తరం తీశారు. ఇంకోటి. కిటికీ వెలుతురుకు పట్టుకుని పందొమ్మిదీ ఓపికగా చూశారు. పద్దెనిమిదేళ్ల పందొమ్మిది మరకలు. పాతవి గోధుమరంగులోకి తిరిగాయి. ఒకదాన్ని కంపెనీ లాయరుకు అందించి, "నిన్న అచ్చయిన సిరా ఇంత పాతబడదు. పోనీ, ఇది మీ ఛైర్మన్‌గారి సంతకం కాదని ఆయన్ను పిలిచి చెప్పిస్తారా?" అని అడిగారు.

ఆ అబ్బాయి తన పక్కనున్న కంపెనీ మేనేజరు వైపు చూశాడు. మేనేజరు తన బూట్ల వైపు చూశాడు.

గుమాస్తా ముద్ర తీశాడు. పందొమ్మిది చప్పుళ్లు. పటం ఉత్తరం మీద ముద్ర సరిగ్గా సంతకం నడినెత్తిన పడింది. చూడలేక తల తిప్పుకున్నాను. టైపిస్టు మాత్రం ఒక్కో చప్పుడుకూ వేలు మడిచి లెక్కపెట్టుకుంటోంది.

బయటికొచ్చాక, "అందరి ముందూ ఒప్పుకోవాల్సి వచ్చింది అన్నయ్యగారూ, నావల్ల" అంది.

"వ్యూహం అమ్మా. కోర్టులో అలాగే చెప్పాలి" అన్నాను.

"అవునవును, ఇస్త్రీ కూడా వ్యూహమే" అంది మా ఆవిడ.

మార్చి 20

ప్రదర్శన. నాకిచ్చిన గోడకు పద్దెనిమిది ఖాళీ కవర్లు, ఒక ఖాళీ పటం తగిలించాను. కింద చీటీ: "ఉత్తరాలు కోర్టులో పనిమీద ఉన్నాయి." అగ్గిపెట్టె లేబుళ్లు పెట్టిన ఒక డెంటిస్టుకు మొదటి బహుమతి వచ్చింది. ఆయన నా గోడ ముందు ఆగి, తడి వేలు సంగతి నిజమేనా అని అడిగాడు. అప్పుడే ఊరంతా పాకింది.

జూన్ 6

తీర్పు వచ్చింది. ఇరవై ఏళ్ల సర్వీసూ లెక్కే. సోమవారం నుంచి ఆవిడ కుర్చీ ఆవిడది.

నేను ఏడవలేదు. ప్రెస్సులో దుమ్ము.

జూన్ 9

సిమెంటాయనకు కొత్త బహిరంగ లేఖ మొదలుపెట్టాను. ఐదు పేజీలకు ఆపాను.

జులై 14

జవాబు. నెలరోజుల్లో వచ్చింది, ఇంత త్వరగా ఎప్పుడూ రాలేదు. "మీ అభిప్రాయాలను శ్రద్ధగా గమనించాము." అదే సంతకం, ఫోను మాట్లాడుతూ పెట్టిన సంతకం. దానికి పైన ఇంకో వాక్యం: "ఐదు పేజీలు చాలా బాగున్నాయి, అయితే నాలుగో పేజీలో ఒకే తిట్టు రెండుసార్లు పడింది, గమనించగలరు."

వెతికాను. పడింది. ప్రూఫు రీడరుని.

వేలు తడిచేశాను, అలవాటు కొద్దీ. సంతకం మీదికి పోనివ్వలేదు. ఎడమ మూలకు తీసుకెళ్లి, నాలుగక్షరాలకు కొంచెం దూరంలో ఆపాను. టైపు అక్షరం కదలదని నాకు తెలుసు.

ఖాళీ కవర్లలో మొదటిది తీసి ఉత్తరాన్ని అందులో పెట్టాను. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

"వియ్యంకులవారేనా?"

"కాదు" అన్నాను. "చెల్లెలు."

"అయితే ఆడపడుచు. మర్యాదలు చేయాలి" అంది. వెళ్లి బీరువా పై అరలో ఇంకాస్త చోటు చేసింది.